దగ్గరివాళ్లకు ముందే తెలుసు



మీరు టీవీలో ఎన్నోసార్లు చూసిన దృశ్యం ఒకటి గుర్తు చేసుకోండి. ఒక పెద్ద బల్ల. దాని మీద సెల్‌ఫోన్లు, నగలు, ఒక కత్తి. బల్ల వెనక కుర్చీల్లో పోలీసు అధికారులు. వాళ్ల వెనక వరుసగా నిలబెట్టిన మనుషులు. ముఖాలకు నల్ల ముసుగులు. తెర కింద అక్షరాలు పరుగెడుతుంటాయి. కేసును ఛేదించిన పోలీసులు!

ఆ ముసుగు ఎందుకు వేస్తారో చాలామంది ఆలోచించరు. ఆ మనిషిని సాక్షులు తర్వాత జైలులో, పదిమంది మధ్య నిలబెట్టినప్పుడు గుర్తుపట్టాలి. ముందే టీవీలో ముఖం చూపించేస్తే ఆ గుర్తింపుకు విలువుండదు. అందుకని ముసుగు. అంటే ఏమిటి? ఆ ముసుగు వెనక ఉన్నవాడు దోషి అని ఇంకా ఎవరూ తేల్చలేదు. కోర్టు తేల్చలేదు. అసలు విచారణే మొదలు కాలేదు. కానీ మన ఇళ్లల్లో మనం తేల్చేస్తాం. "వీడేనట" అంటాం. కాఫీ గ్లాసు కింద పెట్టేలోపు తీర్పు చెప్పేస్తాం.

ఇవాళ మీతో ఒక సంగతి మాట్లాడాలని వచ్చాను. తప్పు మనిషి జైలుకు వెళ్లినప్పుడు ఆ విషయం అందరికంటే ముందు ఎవరికి తెలుస్తుంది? న్యాయమూర్తికా? పత్రికలకా? కాదు. దగ్గరివాళ్లకు తెలుస్తుంది. అమ్మకు తెలుస్తుంది. పక్కింటివాళ్లకు తెలుస్తుంది. వాళ్లకు తెలిసిన సంగతి కోర్టు దాకా చేరడానికి ఏళ్లు పడుతుంది. కొన్నిసార్లు అసలు చేరదు. వాళ్లకు తెలిసినదాన్ని వాళ్ల దగ్గరికే వెళ్లి, వాళ్లతో కలిసి కూర్చుని, సాక్ష్యంగా మార్చే పని ఒకటుంది. దాన్ని పరిశోధన అంటాం. ఆ పరిశోధన గురించే ఈ ప్రసంగం.

మీకందరికీ తెలిసిన కేసుతో మొదలుపెడతాను. 2007 డిసెంబరు 27. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం. ఒక లేడీస్ హాస్టల్లో ఫార్మసీ చదువుతున్న అమ్మాయి హత్యకు గురైంది. రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. నెలలు గడిచాయి. నిందితుణ్ని పట్టుకోవాలని అన్ని వైపుల నుంచీ ఒత్తిడి. 2008 ఆగస్టులో పోలీసులు ఒక యువకుణ్ని చూపించారు. నందిగామ దగ్గరి పల్లె అతనిది. పేద దళిత కుటుంబం. ఇతనే హంతకుడన్నారు. కేసు తేలిపోయిందన్నారు.

ఇక్కడ కాస్త ఆగి వినండి. ఆ కుర్రాడికి నరాల జబ్బు ఉంది. జీబీఎస్ అంటారు. కాళ్లూ చేతులూ పట్టు తప్పుతాయి. అలాంటివాడు హాస్టల్ గోడ దూకి, ఇంత ఘోరం చేసి, ఎవరి కంటా పడకుండా ఎలా వెళ్లిపోయాడని ఇంట్లోవాళ్లు అడిగారు. వాడు కాదు బాబోయ్ అన్నారు. ఎవరు వింటారు? కొడుకు గురించి ఏ తల్లైనా అలాగే అంటుంది కదా అనుకున్నారు.

ఇంకో తల్లి కూడా అదే మాట అంది. చనిపోయిన అమ్మాయి తల్లి. కూతురిని పోగొట్టుకున్న మనిషి. హంతకుణ్ని ఉరి తీయాలని అడగడానికి ఈ లోకంలో అందరికంటే ఎక్కువ హక్కున్న మనిషి. ఆవిడ, ఆవిడ భర్త మొదటి నుంచీ ఒకే మాట మీద నిలబడ్డారు. ఈ అబ్బాయి కాదు, అసలువాళ్లు వేరే ఉన్నారు అన్నారు. ఆలోచించండి శ్రోతలారా. ఒక వైపు నిందితుడి తల్లి. మరో వైపు హతురాలి తల్లి. ఇద్దరిదీ ఒకే మాట. అలాంటిది నేను ఇంకెక్కడా వినలేదు.

2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా ప్రత్యేక కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష వేసింది. రాజమండ్రి సెంట్రల్ జైలు. పౌరహక్కుల సంఘాలు, దళిత సంఘాలు, మహిళా సంఘాలు ఆ రెండు కుటుంబాల వెంట నిలబడ్డాయి. ఊళ్లో వాకబు చేశారు. డాక్టర్ల కాగితాలు చూశారు. పోలీసులు చెప్పిన కథలో అతుకులు ఎక్కడున్నాయో చూపించారు. 2017 మార్చి 31న హైకోర్టు తీర్పు వచ్చింది. ఆ యువకుడు నిర్దోషి. ప్రాసిక్యూషన్ సాక్ష్యాలను న్యాయస్థానం నమ్మలేదు. దర్యాప్తు చేసినవాళ్ల మీద చర్య తీసుకోవాలంది. అతనికి లక్ష రూపాయలు ఇవ్వాలంది.

లక్ష రూపాయలు. ఎనిమిదేళ్లకు పైగా జైలు. ఇరవైల్లో ఉండాల్సిన జీవితమంతా ఆ గోడల మధ్యే. పెళ్లి, పని, సంపాదన, తల్లికి ఆసరా, అన్నీ ఆ గోడల మధ్యే పోయాయి. రెండో మాట కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని మనం మరిచిపోతుంటాం. ఆ ఎనిమిదేళ్లూ అసలు హంతకుడి కోసం ఎవరూ వెతకలేదు. కేసు ముగిసిందనుకున్నారు కాబట్టి. 2018లో హైకోర్టు ఆ కేసును సీబీఐకి అప్పగించేటప్పటికి పదకొండేళ్లు కావస్తోంది. తప్పు మనిషికి శిక్ష పడితే నష్టపోయేది ఒక్క ఇల్లు కాదు. రెండిళ్లు. మళ్లీ చెబుతున్నాను, రెండిళ్లు నష్టపోతాయి.

తెలుగునాట దగ్గరివాళ్ల మాటను వెతుక్కుంటూ వెళ్లే అలవాటు కొత్తది కాదు. మనకు నిజనిర్ధారణ అనే మాట ఉంది. ఎక్కడైనా లాకప్ మరణం జరిగితే, ఎన్‌కౌంటర్ జరిగితే, నలుగురైదుగురు కలిసి ఆ ఊరికి వెళ్తారు. అందులో ఒక లెక్చరరు ఉంటారు. ఒక లాయరు ఉంటారు. ఒక పత్రికా విలేకరి, ఒక టీచరు. ఎమర్జెన్సీ ఎత్తేశాక 1977లో జస్టిస్ తార్కుండే నాయకత్వంలో ఒక కమిటీ మన రాష్ట్రంలో ఎన్‌కౌంటర్ల గురించి విచారించింది. న్యాయవాది కన్నబిరాన్ అందులో సభ్యులు. ఆ తర్వాత బాలగోపాల్. వరంగల్లు కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పిన మనిషి. 2009లో కన్నుమూసేదాకా ఆయన చేసిన పని ఏమిటంటే, చేతిసంచి భుజాన వేసుకుని, దొరికిన బస్సెక్కి, సంఘటన జరిగిన చోటికి వెళ్లడం. బాధితులను అడగడం. చూసినవాళ్లను అడగడం. పోలీసులను కూడా అడగడం. ఈ ఆఖరి మాట ముఖ్యం. అవతలి పక్షం ఏమంటుందో రాయని నివేదిక కోర్టులో నిలబడదని ఆ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

నేనైతే దాన్ని పరిశోధనే అంటాను. విశ్వవిద్యాలయం ముద్ర లేకపోవచ్చు. కానీ ప్రశ్న ఉంది, పద్ధతి ఉంది, సరిచూసుకోవడం ఉంది. ఒక్క లోటు మాత్రం ఉంది. ఒక్కో సంఘటన మీద ఒక్కో నివేదిక వస్తుంది. అవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే కనబడే సంగతి వేరు. ఒక ఠాణాలో ఒక కుర్రాణ్ని కొట్టారంటే అది ఒక సంఘటన. వంద ఠాణాల్లో అదే కులాలవాళ్లను, అదే బస్తీలవాళ్లను, అదే తీరున పట్టుకెళ్లారంటే అది ఒక వ్యవస్థ. అది తేల్చాలంటే ఓపికగా, ఏళ్ల తరబడి, వందల ఇళ్లకు వెళ్లాలి.

అలా వెళ్లినవాళ్లు ఉన్నారు. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్లు. దేశంలో ఉరిశిక్ష పడి జైళ్లలో ఉన్నవాళ్లతో మాట్లాడాలని సంకల్పించారు. అనూప్ సురేంద్రనాథ్ అనే అధ్యాపకుడు ముందుండి నడిపారు. లా చదివే పిల్లలు జట్లుగా బయలుదేరారు. జైళ్లకు వెళ్లారు. అంతటితో ఆగలేదు. ఆ ఖైదీల ఇళ్లకు వెళ్లారు. 370 మందికి పైగా ఖైదీల కథలు సేకరించారు. 2016లో ఆ నివేదిక వెలువడింది.

వాళ్లు కనుక్కున్నదాంట్లో రెండే సంగతులు చెబుతాను. మొదటిది, ఉరిశిక్ష పడ్డవాళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు పేదవాళ్లు. ప్రతి నలుగురిలో ముగ్గురు. రెండోది, వాళ్లలో చాలామందితో కింది కోర్టు లాయరు కేసు గురించి కూర్చుని మాట్లాడనే లేదు. తన ప్రాణం మీదికి వచ్చిన కేసులో తన తరఫున ఏం వాదిస్తున్నారో ఆ మనిషికే తెలియదు. కోర్టులో ఇంగ్లీషులో ఏదో జరుగుతుంది. అందరూ లేస్తే తనూ లేస్తాడు. బయటికి తీసుకెళ్లాక ఎస్కార్టు కానిస్టేబుల్ని అడుగుతాడు, ఏమైందన్నా అని.

ఇది కోర్టు రికార్డులో దొరికే సంగతి కాదు. తీర్పు కాపీలో, నిందితుడి తరఫున న్యాయవాది హాజరయ్యారు అని ఉంటుంది. హాజరయ్యారు, నిజమే. ఆయన తన కక్షిదారుతో పది నిమిషాలు కూర్చున్నారా లేదా అన్నది కాగితం చెప్పదు. ఆ మనిషే చెప్పాలి. అందుకే అంటున్నాను, ఈ విషయంలో కాగితాలు చూసి చేసే పరిశోధన సగం పరిశోధనే. మిగతా సగం ఆ మనుషుల దగ్గరుంది.

ఇంకో చిత్రమైన సంగతి. మన దేశంలో జైళ్ల లెక్కలు ఏటా వస్తాయి. ఎంతమంది ఉన్నారు, ఏ మతం, ఏ కులం, ఎంత చదువు, అన్నీ ఉంటాయి. వాటి ప్రకారం కూడా జైల్లో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా శిక్ష పడనివాళ్లే. విచారణ ఖైదీలు. కానీ ఒక్క లెక్క మాత్రం ఉండదు. అన్యాయంగా శిక్ష పడినవాళ్లు ఎంతమంది? ఆ గడి ఆ పట్టికలో లేదు. ఎవరూ లెక్కపెట్టని మనుషులను వెతకాలంటే ఇల్లిల్లూ తిరగడం తప్ప వేరే దారి లేదు.

సరే, వెళ్లాక ఎలా అడగాలి? ఇది చిన్న విషయమని అనుకోకండి. నా దృష్టిలో అసలు విషయం ఇదే.

ఒక కుర్రాడు ఠాణాలో దెబ్బలు తిని వచ్చాడు. అతన్ని వాళ్ల అత్తగారి ముందు, చెల్లెలి ముందు కూర్చోబెట్టి, ఎక్కడెక్కడ కొట్టారు బాబూ అని అడిగితే ఏం చెబుతాడు? కొన్ని దెబ్బలు ఇంట్లోవాళ్ల ముందు చెప్పుకునేవి కావు. ఒక ఆడమనిషి భర్త జైల్లో ఉన్నాడు. ఊళ్లో అందరికీ దుబాయి వెళ్లాడని చెప్పుకుంటోంది. మీరు చేతిలో ఫైలు పట్టుకుని, పెద్ద కారు దిగి, ఫలానా ఖైదీ ఇల్లెక్కడ అని వీధి మొదట్లో అడిగారనుకోండి. ఆవిడ ఇన్నాళ్లూ దాచుకున్న పరువు ఒక్క క్షణంలో పోతుంది. పరిశోధన పేరుతో అలా చేయడానికి ఎవరికీ హక్కు లేదు.

ఇంకొకటి. కూలికి పోతే గానీ పొయ్యి వెలగని ఇంటికి పగటిపూట వెళ్లి, మూడు గంటలు ప్రశ్నలు వేస్తే వాళ్ల ఆ రోజు కూలి పోతుంది. అది ఎవరిస్తారు? మాట్లాడిన సంగతి ఠాణాకు తెలిస్తే రేపు మళ్లీ వాళ్ల మీదే కేసు పడితే? మీరు హైదరాబాదుకో ఢిల్లీకో వెళ్లిపోతారు. వాళ్లు అక్కడే ఉంటారు. ఆ ఠాణా కూడా అక్కడే ఉంటుంది. కాబట్టి పేర్లు దాచాలి. ఊరు గుర్తుపట్టే వివరాలు దాచాలి. మీ కొడుకును విడిపిస్తాం అని మాట ఇవ్వకూడదు. ఆశపెట్టి కథ రాబట్టడం దొంగతనంతో సమానం.

అన్నిటికంటే ముఖ్యం, చివరికి తిరిగి రావాలి. నివేదిక అచ్చయ్యాక దాన్ని వాళ్ల భాషలో, వాళ్లకు అర్థమయ్యేలా, అవసరమైతే రచ్చబండ దగ్గర కూర్చుని చదివి వినిపించాలి. ఇది తప్పమ్మా, మేమిలా అనలేదు అని వాళ్లు అంటే దిద్దుకోవాలి. వాళ్ల కథతో డాక్టరేటు తెచ్చుకుని, మళ్లీ ఆ ఊరి ముఖం చూడనివాళ్లను ఆ జనం మరిచిపోరు. రెండోసారి ఎవరు వెళ్లినా తలుపు తెరవరు. ఏం అడగాలో నిర్ణయించేటప్పుడే జైలుకు వెళ్లొచ్చినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవాలి. ములాఖత్ గదిలో మాట ఎందుకు వినిపించదో, రిమాండ్ మొదటి రాత్రి ఎలా గడుస్తుందో వాళ్లకు తెలిసినట్టు ఏ ప్రొఫెసరుకు తెలుస్తుంది?

ఇప్పుడు హైదరాబాదు పాతబస్తీకి వద్దాం. 2007 మే 18. శుక్రవారం. మక్కా మసీదులో బాంబు పేలింది. 9 మంది చనిపోయారు. ఆ తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో ఇంకో అయిదుగురు పోయారు. ఆ వెంటనే పాతబస్తీ నుంచి పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకెళ్లారు. ఎక్కడో ఫామ్‌హౌసుల్లో పెట్టి హింసించారని ఆ కుర్రాళ్లు చెప్పారు. రాష్ట్ర మైనారిటీస్ కమిషన్ ఒక న్యాయవాదిని నియమిస్తే, ఆయన వాళ్లతో మాట్లాడి, హింస జరిగిన మాట నిజమేనని నివేదిక ఇచ్చారు. 2008 ఆగస్టులో హైదరాబాదులో ఒక ప్రజా విచారణ జరిగింది. మాజీ న్యాయమూర్తులు, రచయితలు, సామాజిక కార్యకర్తలు ఒక వైపు కూర్చున్నారు. ఎదురుగా ఆ కుర్రాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు. ఒక్కొక్కరూ లేచి తమకు జరిగింది చెప్పారు. పోలీసుల ముందు చెప్పుకోలేనిది, కోర్టులో ఎవరూ అడగనిది అక్కడ చెప్పారు.

ఆ కుర్రాళ్లలో కొందరి మీద పెట్టిన కేసులను కోర్టులు కొట్టేశాయి. తర్వాత ఒక విశేషం జరిగింది. దేశంలో అలాంటిది చాలా అరుదు. 2012 జనవరిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాళ్లకు నష్టపరిహారం ఇచ్చింది. జైలుకు వెళ్లొచ్చిన 20 మందికి మూడేసి లక్షలు. పట్టుకెళ్లి ప్రశ్నించి వదిలేసిన 50 మందికి ఇరవయ్యేసి వేలు. దాంతో పాటు ఒక కాగితం ఇచ్చింది. సత్ప్రవర్తన సర్టిఫికెట్. ఈ వ్యక్తికి ఆ కేసుతో సంబంధం లేదు అని సర్కారు ఇచ్చిన కాగితం.

ఆ కాగితం విలువ ఏమిటో జైలుకు వెళ్లొచ్చిన ఇంట్లోవాళ్లను అడగండి. డబ్బు కంటే ఎక్కువ. ఎందుకంటే కోర్టు నిర్దోషి అని చెప్పినా అద్దెకు ఇల్లివ్వరు. ఉద్యోగమివ్వరు. పిల్లనివ్వరు. పాస్‌పోర్టుకు దరఖాస్తు పెడితే పోలీసు వెరిఫికేషన్ దగ్గర ఆగిపోతుంది. నేను అలాంటివాణ్ని కాను అని ఒక మనిషి ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పుకోగలడు? సర్కారే ఒకసారి చెబితే ఆ భారం కొంత దిగుతుంది.

కానీ 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. కేసు కొట్టేసినంత మాత్రాన డబ్బిచ్చే పద్ధతి చట్టంలో లేదన్నది సారాంశం. నిజమే, చట్టం లేదు. 2018 ఆగస్టులో లా కమిషన్ తన 277వ నివేదికలో గట్టిగా చెప్పింది, అన్యాయంగా కేసుల్లో ఇరికించినవాళ్లకు పరిహారం ఇచ్చే చట్టం తేవాలని. ఆ చట్టం ఇంకా రాలేదు. మక్కా మసీదులో బాంబు పెట్టిందెవరో కూడా తేలలేదు. తర్వాత వేరే నిందితుల మీద నడిచిన కేసును 2018లో కోర్టు కొట్టేసింది. మసీదులో నమాజుకు వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల కుటుంబాలు ఇప్పటికీ ఎదురుచూస్తున్నాయి. చూశారా, మళ్లీ రెండు వైపులా నష్టం.

పోలీసుల అనుమానం ఎవరి మీదికి ముందు వెళ్తుంది? దీనికి పాత చరిత్ర ఉంది. బ్రిటిష్ వాళ్లు 1871లో ఒక చట్టం చేశారు. కొన్ని కులాలవాళ్లు పుట్టుకతోనే నేరస్తులు అన్నారు. మన ప్రాంతంలో ఎరుకలవాళ్ల మీద ఆ ముద్ర పడింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా వచ్చిందే. వాళ్లను ఒక చోట చేర్చి కాపలా పెట్టడానికి కట్టిన సెటిల్‌మెంటు అది. ఊరి పేరు చెబితే చాలు జనం ఉలిక్కిపడేలా చేశారు. ఆ ఊళ్లో పుట్టిన పిల్లాడు ఏ తప్పూ చేయకముందే అనుమానితుడు. 1952లో ఆ చట్టం రద్దయింది. చట్టం పోయింది గానీ చూపు పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఆ ఇళ్ల తలుపులే కొడతారన్నది సంచార జాతులవాళ్లు దేశమంతటా చెప్పే మాట.

కవి జాషువా గారి కూతురు హేమలతా లవణం స్టూవర్టుపురానికి వెళ్లి, ఆ మనుషుల మధ్య కూర్చుని, ఏళ్ల తరబడి పనిచేశారు. నేరస్తుల ఊరు అని పేరుపడ్డ చోట ఆమె చూసింది చదువు కావాలనే తల్లులను, ఆ ముద్ర వదిలించుకోవాలనే మగవాళ్లను. ఇప్పుడు భోపాల్‌లో కొందరు యువ న్యాయవాదులు ఇదే పని ఇంకో పద్ధతిలో చేస్తున్నారు. ఎఫ్ఐఆర్‌లు తెచ్చి చదువుతారు. పార్ధీల వంటి విముక్త జాతులవాళ్లతో, ఆదివాసులతో కూర్చుంటారు. ఇప్పసారా కాచారని కేసులు ఎవరి మీద పడుతున్నాయో లెక్క తీస్తారు. అటు కాగితం, ఇటు మనిషి మాట, రెండూ పక్కపక్కన పెడతారు. మన తెలుగు రాష్ట్రాల్లో గుడుంబా కేసుల మీద, అనుమానితుల షీట్ల మీద అలాంటి పని గట్టిగా జరగాలి. లంబాడీ తండాల ఆడవాళ్లు ఎంతమంది ఎన్నిసార్లు కోర్టు వాయిదాలకు తిరిగారో మన విశ్వవిద్యాలయాలు వెళ్లి అడగాలి.

ఇలా వెళ్లి అడిగితే ఏమైనా మారుతుందా అని మీకు సందేహం రావచ్చు. మారుతుంది. సుకన్యా శాంత అనే విలేకరి జైళ్లలో కులాన్ని బట్టి పనులు ఎలా పంచుతారో తవ్వి తీశారు. వంట ఒక కులానికి, పాకీపని ఒక కులానికి. జైలు నియమావళిలోనే అలా రాసి ఉందని చూపించారు. జైలుకు వెళ్లొచ్చినవాళ్లను అడిగి రాశారు. ఆ కథనంతో ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2024 అక్టోబరు 3న కోర్టు ఆ నియమాలు రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. సంచార జాతులవాళ్లను పుట్టుకను బట్టి అలవాటుపడ్డ నేరస్తులుగా చూసే రాతలు చెల్లవంది. బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ వస్తున్న రాత. దాన్ని చెరిపింది ఆ మనుషుల మాటే.

ఇంకో ఉదాహరణ. 2022 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవాన, రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ముందు మాట్లాడారు. రాసుకొచ్చిన ఉపన్యాసం పక్కన పెట్టి, జైళ్లలో మగ్గుతున్న పేదల గురించి చెప్పారు. ఆదివాసీ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి ఆమె. ఆ మాటల తర్వాత సుప్రీంకోర్టు అడిగింది, బెయిలు వచ్చినా జైల్లోనే ఉన్నవాళ్లు ఎంతమంది అని. దేశమంతటా దాదాపు 5 వేల మంది తేలారు. వినండి, బెయిలు వచ్చినా లోపలే ఉన్నవాళ్లు. కోర్టు వెళ్లొచ్చు అంది. తాళం తీయడానికి సిద్ధం. కానీ జామీను ఇచ్చేవాళ్లు లేరు. పట్టాదారు పాస్‌పుస్తకం ఉన్నవాడు ఒక్కడూ ముందుకు రాడు. కొందరికైతే బెయిలు వచ్చిన సంగతే తెలియదు. ఆ తర్వాత కోర్టు కొత్త పద్ధతి పెట్టింది. బెయిలు ఆర్డరు నేరుగా జైలుకు పంపాలి. వారంలోగా మనిషి బయటికి రాకపోతే జైలు అధికారి న్యాయసేవాధికార సంస్థకు చెప్పాలి.

ఇప్పుడు మీకు నేరుగా నాలుగు మాటలు. కాగితం, కలం దగ్గరుంటే తీసుకోండి.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎవరినైనా పోలీసులు తీసుకెళ్తే మొదటి గంటలోనే రాసుకోండి. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఎవరొచ్చారు, ఏ బండిలో, ఎవరు చూశారు. ఒక స్కూలు నోటు పుస్తకం చాలు. తీసుకెళ్లిన 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు పెట్టాలన్నది రాజ్యాంగంలోని 22వ అధికరణం. సాయంత్రం తీసుకెళ్లి, నాలుగు రోజుల తర్వాత నిన్న పట్టుకున్నాం అని కాగితంలో రాస్తే, మీ నోటు పుస్తకమే మీ సాక్ష్యం. ఎనిమిదేళ్ల తర్వాత హైకోర్టులో పనికొచ్చేది అలాంటి ముక్కే. పోలీసుల దగ్గర చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. ఇది గుర్తుపెట్టుకోండి. చెల్లదు. బొజ్జా తారకం గారు ఇలాంటివన్నీ వివరిస్తూ 'పోలీసులు అరెస్టు చేస్తే' అని తెలుగులో ఒక పుస్తకం రాశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. చట్టాల పేర్లు మారాయి గానీ భయపడకుండా అడగడం నేర్పే పుస్తకం అది.

లాయరుకు డబ్బు లేదని ఊరుకోకండి. కస్టడీలో ఉన్న ప్రతి మనిషికీ, షెడ్యూల్డు కులాలు, తెగలవాళ్లకూ, ఆడవాళ్లకూ, పిల్లలకూ ఉచితంగా లాయరును ఇవ్వాలని చట్టం ఉంది. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. వెళ్లండి. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్లు, తమ మీద మోపిన నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం ఇప్పటికే జైల్లో గడిపేస్తే, వాళ్లను విడుదల చేయాలని 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం చెబుతోంది. ఉరిశిక్ష, యావజ్జీవం పడే కేసులకూ, ఒకటికి మించి కేసులున్నవాళ్లకూ ఇది వర్తించదు. మీవాళ్లకు వర్తిస్తుందేమో అడగండి. అడిగితేనే కదిలే ఫైళ్లు చాలా ఉన్నాయి.

విశ్వవిద్యాలయాల్లో చదువు చెప్పే శ్రోతలకు ఒక విన్నపం. మీ లా విద్యార్థులను, సమాజశాస్త్ర విద్యార్థులను మీ జిల్లాలోని సబ్‌జైలు గేటు దగ్గరికి ఒక ములాఖత్ రోజున పంపండి. ప్రశ్నపత్రం లేకుండా పంపండి. అక్కడ చెట్టు కింద టిఫిన్ డబ్బాలు పట్టుకుని కూర్చున్న తల్లుల పక్కన కూర్చుని, ముందు వినమనండి. ఏం అడగాలో ఆ తర్వాత తెలుస్తుంది.

ఉచిత న్యాయసహాయం కోసం దేశంలో ఎక్కడినుంచైనా చేయగల ఫోన్ నంబరు 15100. మళ్లీ చెబుతున్నాను, ఒకటి, అయిదు, ఒకటి, సున్నా, సున్నా. ఈ నంబరును మీ ఇంటి గోడ మీద రాసుకోండి. అవసరమున్నవాళ్లకు చెప్పండి.